జాకీ గారి సీనియారిటీ

ఇస్రాయేలు గారు పోయిన రోజు నుంచీ జాకీ అన్నం ముట్టలేదు. వెదుళ్ళవాగు ప్రాజెక్టు కాలనీలో ఈ సంగతి అందరికీ తెలుసు. తాళం వేసిన ఆయన క్వార్టరు గుమ్మంలో అది ముడుచుకుని పడుకోవడం డ్యూటీకి వెళ్ళే ప్రతివాడూ చూస్తూనే ఉన్నాడు. అయ్యో పాపం అనేవాళ్ళు అంటున్నారు, ఫోటో తీసేవాళ్ళు తీస్తున్నారు, ఆ ఫోటో కింద కన్నీటి బొమ్మలు పెట్టేవాళ్ళు పెడుతున్నారు. గిన్నెలో పెరుగన్నం కలిపి తెచ్చింది మాత్రం పక్క క్వార్టరు సత్యవేణి ఒక్కతే.

సత్యవేణి ప్రాజెక్టు డిస్పెన్సరీలో నర్సు. స్టోర్‌కీపరు ఇస్రాయేలు గారికి చివరి రోజుల్లో ఇంజెక్షన్లు చేసింది ఆవిడే. ఆయన ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. తన తర్వాత కుక్కని చూసుకోమని ఆయన అడగనూ లేదు, ఆవిడ మాట ఇవ్వనూ లేదు. అలాంటి మాటలు సినిమాల్లో ఇచ్చిపుచ్చుకుంటారు. ఆయన అడిగిందల్లా సూది కాస్త నెమ్మదిగా గుచ్చమని. కానీ గుచ్చిన ప్రతిసారీ ఆయన కన్నా ముందు మంచం కింద నుంచి జాకీ మూలిగేది. ఆ మూలుగు విన్నాక దాన్ని గుమ్మంలో వదిలేసి ఇంట్లో కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు.

ఇంట్లో అప్పటికే ఒక కుక్క ఉంది. దాని పేరు భీముడు. పేరు పెట్టినప్పుడు ఇంకా పెరుగుతుందనుకున్నారు. పెరగలేదు. భీముడికీ జాకీకీ మూడేళ్ళ స్నేహం. రెండు ఇళ్ళ మధ్య పిట్టగోడకి ఉన్న కన్నంలోంచి ఇది అటూ అది ఇటూ తిరుగుతూ, ఎండ ఎటుంటే అటు కలిసి పడుకునేవి. కాబట్టి జాకీని తెచ్చి భీముడి పక్కన పడుకోబెడితే కథ అక్కడితో అయిపోవాలి. అయిపోలేదంటే దానికి కారణం సత్యవేణి భర్త వీరభద్రం.

వీరభద్రం ప్రాజెక్టు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆయన జీవితంలో పర్మిషన్ లేకుండా చేసిన పని తుమ్మడం ఒక్కటే.

"క్వార్టర్లో రెండో కుక్కని పెట్టాలంటే ఎస్టేట్ ఆఫీసరు గారి పర్మిషన్ ఉండాలి వేణీ. హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది" అన్నాడాయన.

"ఎవరికి తెలుస్తుందండీ? పొద్దస్తమానం ఇక్కడే కదా పడుంటాడు."

"తెలియదనే కదా, మనమే తెలియజేసుకోవాలి" అంటూ అర్జీ రాయడానికి కూర్చున్నాడు. ఆవిడ వద్దు వద్దంటుండగానే ఆయన "విధేయుడు" దాకా వచ్చేశాడు.

ఆ సర్క్యులర్ సంగతి కొంచెం చెప్పాలి. హెడ్డాఫీసులో ఒక పెద్దాయన్ని ఆనకట్టల గేట్లు ఎలా బిగిస్తారో చూసి రమ్మని విదేశాలకు పంపారు. ఆయన బస చేసిన ఇంట్లో రెండు కుక్కలున్నాయి. తిరిగొచ్చాక గేట్ల గురించి ఒక్క ముక్కా రాయలేదు గానీ, "గృహమునందు ద్వితీయ శునక ప్రవేశ విధానము" అని ఒక సర్క్యులర్ మాత్రం రాసి అన్ని ప్రాజెక్టులకూ పంపాడు. రెండు కుక్కల్నీ రెండింటిదీ కాని చోట మొదట కలపాలి. పక్కపక్కన నడిపించాలి. గిన్నెలు వేరుగా పెట్టాలి. ఇంట్లో ముందు నుంచీ ఉన్న కుక్కకే ముందు తిండి పెట్టాలి, లేకపోతే దాని మనసు నొచ్చుకుంటుంది. ఇంతే అందులో ఉన్నది. చదివితే అంతా మంచి మాటే. మంచి మాట ఆఫీసుకు చేరాక ఏమవుతుందో చెప్పడానికే ఈ కథ.

ఎస్టేట్ ఆఫీసరు పట్టాభిరామయ్య గారు కాలనీలో ఇళ్ళ కేటాయింపులు చూస్తారు. అర్జీ చదివి, సర్క్యులర్ చదివి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, దంపతులిద్దర్నీ పిలిపించారు.

"ముందు నుంచీ ఉన్న శునకమునకు ప్రథమ ప్రాధాన్యము అని ఆదేశములో ఉన్నది. తమ ఉభయ శునకములలో సీనియరు ఎవరు?"

"భీముడండి" అన్నాడు వీరభద్రం. "మూడేళ్ళ నుంచీ మా క్వార్టర్లోనే."

"మరి ఆ జాకీ?"

"ఆడు పిల్లప్పుడే వచ్చేడు కదండీ స్టోర్సుకి, పదకొండేళ్ళయింది" అంది సత్యవేణి, ఏదో దాని గురించి మంచిగా చెబుతున్నాననుకుని.

పట్టాభిరామయ్య గారు కలం కింద పెట్టేశారు. క్వార్టరు లెక్కన చూస్తే భీముడు సీనియరు. కాలనీ లెక్కన చూస్తే జాకీ సీనియరు. ఇరవై ఏళ్ళుగా ఆయన చూస్తున్న ఫైళ్ళన్నింటికీ మూలం ఈ ఒక్క చిక్కే. ఆయన ముఖంలో బాధ కనిపించలేదు. ఎంతో కాలానికి కలిసిన పాత మిత్రుణ్ణి చూసినట్టు కళ్ళు మెరిశాయి.

"ఇది సున్నితమైన అంశము. సీనియారిటీ తేలునంత వరకు ఉభయ శునకములను ఏకగృహమునందు ఉంచుట సాధ్యపడదు. అంతవరకు జాకీని పోస్టింగు నిరీక్షణలో ఉన్నట్లు పరిగణించి, పంపుహౌసు షెడ్డునందు ఉంచెదము."

"ఆడు తిండి తినట్లేదండీ. మనిషి దగ్గరుండాలి" అంది సత్యవేణి.

"తినకపోవుట అనునది ఆరోగ్య విభాగము పరిధిలోనిది" అన్నారు పట్టాభిరామయ్య గారు, చాలా మర్యాదగా.

సాయంత్రానికల్లా జాకీని షెడ్డుకి తీసుకుపోయారు. అది ఎదురు తిరగలేదు, మొరగలేదు. కాలనీ మలుపు తిరిగేదాకా తల వెనక్కి తిప్పి ఆ తాళం వేసిన గుమ్మం వైపే చూసింది. ఆ రాత్రి సత్యవేణి మొగుడికి అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

విషయం మర్నాటికి ఆఫీసంతా పాకింది. ఈ ప్రాజెక్టులో రెండు సంఘాలున్నాయి. మొదటి నుంచీ వెదుళ్ళవాగులోనే ఉద్యోగం చేస్తున్నవాళ్ళది ఒకటి, దానికి పేర్రాజు నాయకుడు. మరెక్కడో ప్రాజెక్టు మూతపడితే అక్కడ నుంచి వచ్చి ఇక్కడ చేరినవాళ్ళది రెండోది, దానికి కొండలరావు నాయకుడు. వచ్చినవాళ్ళ పాత సర్వీసు ఇక్కడ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది తగువు. ఆ తగువు కోర్టులో పుట్టి, కోర్టులో పెరిగి, కోర్టులోనే పెళ్ళీడుకొచ్చింది. ఎవరు ముందో తేలక ప్రమోషన్లన్నీ ఆగిపోయి, రెండు పక్షాలవాళ్ళూ చేరినప్పుడు ఏ కుర్చీలో కూర్చున్నారో ఆ కుర్చీలోనే జుట్టు నెరిసిపోయి ఉన్నారు. అలాంటి చోట, ఒక మూతపడ్డ ఇంట్లోంచి ఒక కుక్క వచ్చి ఇంకో ఇంట్లో చేరబోతోంది, దాని సీనియారిటీ తేలుస్తారట అంటే ఊరుకుంటారా?

ముందుగా పేర్రాజు వచ్చాడు, బిస్కెట్ల ప్యాకెట్టుతో. భీముడికి ఒకటి పెట్టి, తల నిమిరి, అరుగు మీద కూర్చున్నాడు.

"చూడండి భద్రంగారూ, ఇది మీ ఒక్కరి కుక్క కాదండి. మా అందరి కుక్క. ఆ జాకీ పాత సర్వీసు లెక్కేసేరంటే రేపు కొండలరావు వర్గం అదే కాయితం కోర్టులో పెడతారు. మనోళ్ళ బతుకులు గోదాట్లో కలిసిపోతాయండి."

"అంటే ఆ ముసలి కుక్కని షెడ్లో చావనివ్వమంటారా అన్నయ్యగారూ?" అంది సత్యవేణి గుమ్మంలో నిలబడి.

"చావడవేంటమ్మా! రమ్మనండి, రావద్దని ఎవరన్నారు? కాకపోతే అందరికన్నా కింద చేరమనండి. సొంతంగా కోరుకుని వేరేచోటికి ట్రాన్స్‌ఫరయినోడు ఆఖర్నే కదండీ చేరాలి? రూలు!"

అతను వెళ్ళిన కాసేపటికే కొండలరావు వచ్చాడు. ఇతను బిస్కెట్లు కాదు, ఏకంగా కోడి కాళ్ళు తెచ్చాడు, జాకీకి ఇమ్మని.

"సొంతంగా కోరుకున్నాడా అమ్మా జాకీ? మీరు చెప్పండి. యజమాని చనిపోతే దిక్కులేక వచ్చేడు. ఇది కారుణ్య నియామకం కిందకొస్తుంది. పైగా ఆడు ఊరికే లేడు, స్టోర్సులో కాపలా కాసేడు. పదకొండేళ్ళు ఒక్క నట్టు పోయిందా స్టోర్లో? అది సర్వీసు కాదా? ఆడి సర్వీసు పోతే మా సర్వీసూ పోయినట్టే." చెబుతూ చెబుతూ అతని గొంతు నిజంగానే జీరబోయింది. జాకీ కోసం మాత్రం కాదు.

వీరభద్రం పరిస్థితి చెప్పనలవి కాదు. సంఘం లెక్కన ఆయన పేర్రాజు మనిషి. పెళ్ళాం లెక్కన జాకీ మనిషి. ఆఫీసులో ఆయన వైపు రెండు సంఘాలవాళ్ళూ అనుమానంగా చూడసాగారు.

ఇక షెడ్డులో జాకీ సంగతి. సత్యవేణి డ్యూటీకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ వెళ్ళి దాని ముందు కూర్చునేది. అరచేతిలో పాలు పోసి పెడితే నాలుగు గుక్కలు తాగేది. అంతే. పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి. ఒకరోజు ఆవిడ పాలు పోయబోతుంటే ఎస్టేట్ ఆఫీసు నుంచి మనిషి పరిగెత్తుకొచ్చి ఆపాడు. పేర్రాజు సంఘం ఫిర్యాదు చేసిందట. భీముడికి ఇంట్లో గిన్నె పెట్టడానికి ముందే షెడ్డులో జాకీకి పాలు పోస్తున్నారని, అంటే జాకీయే సీనియరని ముందుగానే తేల్చేసినట్టని. భీముడికి ముందు పెడితే కొండలరావు సంఘం ఒప్పుకోదు. పట్టాభిరామయ్య గారు బాగా ఆలోచించి, ఉభయులకూ ఏకకాలమున భోజనము వడ్డించవలెనని ఆర్డరు వేశారు. షెడ్డుకీ క్వార్టరుకీ మధ్య దూరం ఎక్కువ కదా, ఏకకాలమని ఎలా తెలుస్తుంది? దానికీ మార్గం చూపించారు. ఆనకట్ట మీద ప్రమాద హెచ్చరిక సైరను ఉంది. అది మోగగానే రెండుచోట్లా గిన్నెలు కింద పెట్టాలి.

మొదటిసారి సైరను మోగిన రోజు కింద ఊళ్ళో జనం వంట కుండలూ, పాస్‌బుక్కులూ, కోళ్ళూ పట్టుకుని గుట్టెక్కేశారు. ఒకాయన మంచంలో ఉన్న తండ్రిని భుజాన వేసుకుని ఎక్కాడు. అధికారులు జీపులో వెళ్ళి, గాభరా పడవద్దని, ఇది వరద కాదు, కుక్కల భోజనమని మైకులో వివరించారు. "మరి నిజంగా వరదొస్తే ఎలా తెలుస్తుందండీ మాకు?" అని ఊరి ప్రెసిడెంటు అడిగాడు. "అప్పుడూ ఇదే సైరను మోగించబడును. కావున ప్రజలు విజ్ఞతతో మెలగవలెను" అని సమాధానమొచ్చింది. జనం ఏం అనలేక, తెచ్చిన కోళ్ళని తిరిగి పట్టుకుపోయారు.

సైరను మోగితే భీముడు గిన్నె వైపు చూడకుండా మంచం కిందకి దూరేది. కాసేపాగి బయటికొచ్చి, తిన్నగా పంపుహౌసుకి నడిచి వెళ్ళి, షెడ్డు తలుపు కింద సందులో మూతి పెట్టి పడుకునేది. లోపల నుంచి జాకీ కూడా అక్కడే మూతి పెట్టేది. ఈ సంగతి పేర్రాజు కంటపడింది. మనిషి అదిరిపోయాడు.

"భద్రంగారూ, కొంప మునిగిపోయిందండి! మనోడు తనంతట తనే ఎల్లి ఆడి గుమ్మంలో పడుకుంటున్నాడు. సీనియరు ఎక్కడైనా జూనియరు దగ్గిరికి ఎల్తాడేంటండి? జూనియరునని ఒప్పేసుకున్నట్టు కాదూ? రేపు ఇంక్వైరీలో ఏం సమాధానం చెప్తాం?"

"ఏం చెయ్యమంటారు?"

"కట్టెయ్యండి."

వీరభద్రం భీముణ్ణి స్తంభానికి కట్టేశాడు. పుట్టాక దాని మెడకి గొలుసు పడటం అదే మొదలు. సత్యవేణి డ్యూటీ నుంచి వచ్చేసరికి అది అరిచి అరిచి గొంతు పోయి, ఊరికే నోరు తెరుస్తోంది, శబ్దం రావట్లేదు. గిన్నెలో అన్నం అలాగే ఉంది.

"ఇప్పుడు ఇద్దరూ తినట్లేదు" అంది ఆవిడ. గొలుసు విప్పి భర్త ముందు పడేసింది. "తృప్తిగా ఉందా మీ సంఘానికి? ఇకనుంచి నా కుక్క మెడలో గొలుసేస్తే, నేను మా అక్క దగ్గిరికెళ్ళిపోతా. అర్జీ కూడా పెట్టను."

వీరభద్రం తల వంచుకుని ఆ గొలుసుని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మంచివాడే. మంచివాడిని ఆఫీసు ఏం చేస్తుందో ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

చివరికి గొడవ ప్రాజెక్టుకు పెద్ద అధికారి అయిన ఎస్.ఈ. గారి దాకా వెళ్ళింది. ఆయన బహిరంగ విచారణ జరుపుతానన్నారు. సర్క్యులర్ ప్రకారం రెండు కుక్కలూ తటస్థ ప్రదేశంలో కలవాలి. అది వెతకడం మరో ప్రహసనం. క్లబ్బు ఆవరణ ఇంజినీర్లది. ఆఫీసు ముందున్న ఖాళీ స్థలంలో సగం పేర్రాజు సంఘం జెండా కిందుంది, సగం కొండలరావు సంఘం జెండా కింద. స్కూలు గ్రౌండులో అసలు భీముడే రోజూ కాలెత్తుతాడు కాబట్టి అది భీముడి పక్షానికి అనుకూలం. ఆఖరికి ఆనకట్ట వంతెన దొరికింది. వంతెనలో ఇటు సగం కట్టడాల విభాగానిది, అటు సగం యంత్రాల విభాగానిది. మధ్యలో జానెడు సందు ఉంది. ఆ సందుని ఎవరు బాగు చేయాలన్న దాని మీద రెండు విభాగాలూ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసుకుంటున్నాయి గనుక, అది ఎవరిదీ కాదని రాతపూర్వకంగా రుజువై ఉంది. సరిగ్గా ఆ సందు మీద బల్ల వేశారు. ఎస్.ఈ. గారు ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసుకుని కూర్చున్నారు.

భీముణ్ణి సత్యవేణి చంకనెత్తుకొచ్చింది. జాకీ నడవలేకపోతోందని తోపుడు బండి మీద తెచ్చారు. బండి మీద నుంచే అది భీముణ్ణి చూసి తోక ఒక్కసారి కదిలించింది. రెండోసారి కదిలించే ఓపిక లేక ఊరుకుంది.

పేర్రాజు వాదించాడు. కొండలరావు వాదించాడు. సొంత కోరిక మీద వచ్చిందని ఒకరు, కారుణ్యం మీద వచ్చిందని ఒకరు. మధ్యలో గిన్నె పెట్టి ఎవరు ముందు మూతి పెడతారో చూద్దామన్నారు ఎస్.ఈ. గారు. గిన్నెలో మాంసం అన్నం ఉంది. భీముడు దాన్ని చూడనైనా చూడకుండా సత్యవేణి చంకలోంచి దూకి, బండి పక్కకెళ్ళి, వేలాడుతున్న జాకీ చెవిని నాకడం మొదలుపెట్టింది.

"నాకడమంటే గౌరవం చూపించడమండి! జూనియరే కదండీ సీనియరుకి గౌరవమిచ్చేది!" అన్నాడు కొండలరావు.

"కాదండి, పెద్దోడే చిన్నోణ్ణి లాలిస్తాడు!" అన్నాడు పేర్రాజు.

"ఈ అంశమును పశువైద్య విభాగము అభిప్రాయమునకు పంపుట సముచితము" అన్నారు పట్టాభిరామయ్య గారు. "ఆ అభిప్రాయము వచ్చువరకు యథాతథ స్థితి కొనసాగించవలెను."

యథాతథ స్థితి అంటే జాకీ మళ్ళీ షెడ్డుకి. ఎంతకాలమో ఎవరికీ తెలియదు. దానికి ఇంకొక్క వారం ఓపిక కూడా లేదని సత్యవేణికి తెలుసు. మంచాల మీద మనుషులు అలా తేలిపోవడం ఆవిడ చాలాసార్లు చూసింది. అంతే, ఇన్నాళ్ళు పట్టిన ఓర్పంతా తెగిపోయింది.

"మీకు పుణ్యముంటుందండీ, ఇంక ఆపండి!" అని అరిచింది. ఏడుస్తూనే అరిచింది. "ఏం సీనియారిటీ అండీ ఆడికి? పదకొండేళ్ళు! కుక్కకి ఏడాదంటే మనిషికి ఏడేళ్ళు. డెబ్బై ఏడేళ్ళ ముసలాడండి ఆడు! చూపు సరిగా ఆనదు, పళ్ళు లేవు. ఆడు మీ కుర్చీలకి పోటీకొస్తాడా? ఒక మూల పడుకుని చచ్చిపోతానంటున్నాడు, దానికి కూడా వరస చూస్తారా?"

వంతెన మీద అందరూ తలలు వంచి కిందకి చూశారు. కింద వాగులో రాళ్ళు కనిపిస్తున్నాయి. సత్యవేణి మాటలకి ఎస్.ఈ. గారి మనసు కరిగిందనుకున్నారు చాలామంది. ఆయన ముఖం పాలిపోయింది నిజమే.

"డెబ్బై ఏడా?" అన్నారు మెల్లగా. "పట్టాభిరామయ్య గారూ, జాకీ స్టోర్సులో సర్వీసు చేసినట్టు మీరు రికార్డు చేశారా?"

"చేశామండి. కొండలరావు గారి సంఘం కోరిక మేరకు."

"డెబ్బై ఏడేళ్ళ వయసులో సర్వీసులో ఎలా ఉన్నాడండీ? రిటైర్మెంటు వయసు దాటి ఎన్నేళ్ళయింది? ఎవరు కొనసాగించారు? ఎవరి ఉత్తర్వు మీద కొనసాగించారు?"

పట్టాభిరామయ్య గారు ఫైలు తిరగేయడం మొదలుపెట్టారు.

"ఆడిట్ వాళ్ళు వస్తే ఏం చెబుతారు?"

ఆ మాట వినగానే అందరి పైప్రాణాలూ పైనే పోయాయి. ఏ కట్టడం కూలినా, ఏ కాలువ గండి పడినా చలించని మనుషులు, ఆడిట్ అనగానే వణికిపోయారు. పేర్రాజు తన వాదన వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. కొండలరావు తాను అసలు వాదించనేలేదన్నాడు. వంతెన మీదే టైపు మిషను తెప్పించి, సదరు జాకీని వెనకటి తేదీ నుంచి పదవీ విరమణ చేయించినట్లు ఆర్డరు వేశారు. రిటైరైన వాడికి సీనియారిటీ ఉండదు. సీనియారిటీ లేనివాడు ఏ ఇంట్లో ఏ మూల పడుకున్నా ఎవరికీ నష్టం లేదు.

"అయితే నేను ఇంటికి తీసుకెళ్ళొచ్చా?" అంది సత్యవేణి.

"సన్మానం అయ్యాక తీసుకెళ్ళండమ్మా" అన్నారు ఎస్.ఈ. గారు. "సన్మానం లేకుండా ఎవర్నీ పంపించే ఆచారం మన ప్రాజెక్టులో లేదు."

ఆ సాయంత్రమే ఆఫీసు హాల్లో సభ పెట్టారు. జాకీకి బంతిపూల దండ వేశారు. శాలువా కప్పారు. ఆ వెచ్చదనానికి అది చటుక్కున నిద్రపోయింది. పట్టాభిరామయ్య గారు "శ్రీ జాకీ గారి సేవలు ప్రాజెక్టు చరిత్రలో సువర్ణాక్షరములతో లిఖించదగినవి" అన్నారు. షెడ్డు ఊసు ఎత్తలేదు. పేర్రాజు, జాకీ తన పెద్దన్నలాంటివాడన్నాడు. కొండలరావు, జాకీ ఏనాడూ ఏ పదవీ ఆశించలేదని, అలాంటి నిస్వార్థపరులు ఈ రోజుల్లో అరుదని కళ్ళు తుడుచుకున్నాడు. చివర్లో ఎస్.ఈ. గారు, జాకీ గారు లేని లోటు ఎవరూ తీర్చలేరన్నారు. జాకీ చిన్నగా గురక పెడుతోంది.

ఆఫీసు జీపులో జాకీని ఇంటి దాకా దిగబెట్టారు. రిటైరైన వాళ్ళని అలా దిగబెట్టడం ఆచారం. సత్యవేణి దండ తీసేసింది, శాలువా మాత్రం ఉంచింది. పెరుగన్నం మెత్తగా కలిపి ఒక్క గిన్నెలోనే పెట్టింది. భీముడు వచ్చి రెండు మెతుకులు తిని, కాస్త జరిగి, గిన్నెకి చోటిచ్చి నిలబడింది. జాకీ మూతి సాచింది. ముందు వాసన చూసింది. తర్వాత తినడం మొదలుపెట్టింది. మెల్లగా, మెతుకు మెతుకుగా, గిన్నె అడుగు కనిపించే దాకా తింది. సత్యవేణి వంటింటి గడప మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వీరభద్రం వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆవిడ లేచి వెళ్ళిపోలేదు.

కథ ఇక్కడితో ఆపొచ్చు. ఆఫీసు ఆపనివ్వలేదు.

జాకీ కాస్త కోలుకుని, ఎండలో భీముడి పక్కన నడుం వాల్చే స్థితికి వచ్చాక, ఒక ఉదయం పట్టాభిరామయ్య గారు స్వయంగా ఇంటికి వచ్చారు. చేతిలో కాగితం ఉంది. కుర్చీలో కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, చాలా ఇబ్బంది పడుతూ అసలు సంగతి చెప్పారు.

"ఏమనుకోవద్దమ్మా. పదవీ విరమణ చేసినవారు ప్రాజెక్టు క్వార్టరునందు నివసించుటకు అర్హులు కారు. గడువులోగా ఖాళీ చేయవలెనని శ్రీ జాకీ గారికి నోటీసు ఇవ్వవలసి వచ్చింది."

సత్యవేణి కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. వీరభద్రం ఎంత భయపడ్డాడో ఆయన ముఖమే చెబుతోంది. కానీ ఈసారి ఆయన లేచి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా, జాకీ ముందు నిలబడ్డాడు. పర్మిషన్ అడగలేదు.

"మేం ఖాళీ చెయ్యమండి" అన్నాడు.

పట్టాభిరామయ్య గారు అటూ ఇటూ చూశారు. ఆయనా రాయి కాదు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి.

"చేయకపోతే, అప్పీలు చేసుకోవచ్చండి" అన్నారు గొంతు తగ్గించి. "ఎస్.ఈ. గారికి చేసుకోవాలి. ఆయన అభిప్రాయం రాసి హెడ్డాఫీసుకి పంపుతారు. వాళ్ళు లా సెక్షన్‌కి పంపుతారు. అక్కడ నుంచి ఫైనాన్సుకి వెళుతుంది. ఫైనాన్సు వాళ్ళు ఏదో ఒకటి అడుగుతారు, దాంతో మళ్ళీ ఇక్కడికి వస్తుంది. మేం జవాబు రాస్తే మళ్ళీ మొదటి నుంచీ వెళుతుంది. అంతవరకూ ఎవరూ కదపడానికి వీల్లేదు."

"ఎన్నాళ్ళు పడుతుందండీ అదంతా?"

"నా సర్వీసులో అప్పీలు వెళ్ళడం చూశాను గానీ, తిరిగి రావడం చూడలేదమ్మా."

సత్యవేణి భర్త భుజం పక్క నుంచి బయటికి చూసింది. జాకీ శాలువా మీద వెల్లకిలా పడుకుని ఉంది. మూతి అంతా నెరిసిపోయింది. ఇంకో రెండేళ్ళు ఉంటాడేమో. దేవుడు చల్లగా చూస్తే మూడు. అంతకు మించి ఉండడు. ఆ మాట అనుకోగానే ఆవిడకి దుఃఖం పొంగింది, వెంటనే ఎక్కడలేని ధైర్యమూ వచ్చింది. కళ్ళు తుడుచుకుని, పట్టాభిరామయ్య గారికి చేతులు జోడించింది.

"తొందరేం లేదండీ. ఒక్క ఆఫీసు కూడా వదలకుండా పంపించండి."